మీకు తెలుసా? రాగిరేకు దాచిన పాట, దాచలేని బాణీ

బెల్లంపల్లిలో ఏ వాడకు పోయినా తిరుపతికి పోయొచ్చినవాళ్లు దొరుకుతారు. మన స్టేషన్ ఢిల్లీ–చెన్నై లైను మీదే ఉన్నది, కాజీపేట–బల్లార్షా మార్గం 1929లో పూర్తయిన దగ్గరి నుంచి దక్షిణాది మనకు దూరం కాదు. పోయొచ్చినవాళ్లు గుండు సంగతి చెప్తారు, లడ్డు పెడతారు, కంపార్ట్‌మెంట్లలో కూర్చున్న గంటలు లెక్కపెట్టి మరీ చెప్తారు. ఒక వాగ్గేయకారుడి పాటలు దాచడానికే గుడిలో కేటాయించిన గది పక్కనుంచి నడిచి వచ్చామని మాత్రం ఎవరూ చెప్పరు. తప్పు వాళ్లది కాదు. దర్శనం అయ్యాక అక్కడ నిలబడనిచ్చేదెవరు? ఈసారి పోయేవాళ్ల కోసం, పోకపోయినా పాట మీద మనసున్నవాళ్ల కోసం ఆ గది సంగతి, దాని వరసలో చెప్పుకోదగ్గ మరికొన్ని సంగతులు ఇవి.

తిరుమల గుడి లోపలే ఒక పాటల ఆర్కైవు ఉండేదని మీకు తెలుసా?

ఆనందనిలయం చుట్టూ తిరిగే విమాన ప్రదక్షిణ దారిలో చిన్న రాతి గది ఒకటి కనిపిస్తుంది. పేరు సంకీర్తన భాండాగారం. తాళ్లపాక అర అని కూడా అంటారు. దాని వాకిలికి అటొకటి ఇటొకటి మనుషుల శిల్పాలున్నాయి. అవి అన్నమాచార్యులవి, ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులవి అని చెప్తారు. అన్నమయ్య (1408–1503) పాటలు, కొడుకు పాటలు, మనవడు చినతిరుమలాచార్యుల పాటలు రాగిరేకుల మీద చెక్కించి దాచింది ఈ అరలోనే. రెండు వేల పైచిలుకు రేకులు. గుడిలోకి ఫోను తీసుకుపోనివ్వరు కాబట్టి ఫొటో ఆశ పెట్టుకోవద్దు. రేకులు ఇప్పుడు ఆ అరలో లేవు, దేవస్థానం వాటిని బయటికి తెచ్చి భద్రపరిచింది. కొన్నింటిని తిరుమలలోని ఎస్వీ మ్యూజియంలో చూడొచ్చు. క్యూలో అలసిపోయి గుడి బయటికి రాగానే బస్టాండు దారి పట్టేవాళ్లు ఒక గంట ఆగి చూడదగ్గ చోటు అది.

పాటకు రాగి ఎందుకు పెట్టారో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ రోజుల్లో పాట రాసుకోవడానికి తాటాకు ఉంది. చవక, తేలిక. ఊరూరా రాయగలిగినవాళ్లున్నారు. రాగిరేకు వాడేది రాజులు భూమి దానం ఇచ్చినప్పుడు. పొలం ఎవరిదో, హద్దులెక్కడో, ఆ దానానికి అడ్డుపడినవాడికి ఏ పాపం తగులుతుందో దాని మీద చెక్కించేవాళ్లు. తామ్రశాసనం అంటే ఆస్తి కాగితం. పెదతిరుమలాచార్యులు తండ్రి పాటలను ఆ వరసలోకి ఎక్కించాడు. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలుతున్న కాలానికి (1529–1542) ఈ కుటుంబం చేతిలో సొమ్ము బాగానే ఆడింది. పెదతిరుమలాచార్యులు గుడికి ఊళ్లనే రాసిచ్చాడని తిరుమల శాసనాలు చెప్తున్నాయి. అంత ఉన్నవాడు కాబట్టే రెండు వేల రేకులకు రాగి కొనగలిగాడు, చెక్కేవాళ్లను ఏళ్ల తరబడి కూర్చోబెట్టి కూలి ఇవ్వగలిగాడు. ఆర్కైవు అనగానే మనం పండితుల్ని తలుచుకుంటాం. నిజానికి మొదట కావలసింది ఖర్చు పెట్టే కొడుకు.

రాగికి ఒక గండం కూడా ఉంది. తాటాకును చెదలు తింటాయి, రాగిని మనిషే కరిగిస్తాడు. బిందె చేసుకోవచ్చు, గంట పోయించవచ్చు. రెండు వేల రేకుల రాగి నాలుగు వందల ఏళ్లు కొలిమి దాకా పోకుండా మిగిలిందంటే, అది గుడిలో దేవుడి సొత్తుగా ఉండబట్టే అనుకోవాలి.

మొదటి రేకు మీద ఏముంటుందో తెలుసా?

పాట కాదు, తేదీలు. అధ్యాత్మ సంకీర్తనల మొదటి రేకు శక సంవత్సరాలతో మొదలవుతుంది. అన్నమయ్యకు పదహారో ఏట స్వామి ప్రత్యక్షమైంది శక 1346, క్రోధి సంవత్సరం. అంటే మన లెక్కలో 1424. అప్పటి నుంచి పాడుతూ శక 1424, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా, అంటే 1503 దాకా, ఆయన విన్నవించిన పాటలు ఇవీ అని ఆ రేకు చెబుతుంది. మన కవుల్లో చాలామంది పుట్టిన శతాబ్దం దగ్గరే పండితులు వందేళ్లు కొట్లాడుకున్నారు. అన్నమయ్య విషయంలో ఆ బాధ లేదు, కొడుకు తిథితో సహా చెక్కించి పెట్టాడు. ఇవాళ ఏ మ్యూజియంలోనైనా వస్తువు పక్కన పెట్టే చిన్న చీటీ చేసే పని ఈ మొదటి రేకు చేస్తోంది.

రేకు మీద రాగం పేరుంది, బాణీ లేదు. ఈ సంగతి తెలుసా?

ఈ మొత్తం కథలో అసలు విచిత్రం ఇదే. రేకుకు రెండు వైపులా చెక్కుడు ఉంటుంది, సగటున ఒక రేకుకు ఆరు పాటలు. ప్రతి పాట తల మీద రాగం పేరు. సామంతం, పాడి, దేసాక్షి, సాళంగనాట, కొండమలహరి అని. దాని కింద పల్లవి, చరణాలు. అంతే. మామూలు సంకీర్తనలకు తాళం పేరు ఉండదు, స్వరం అసలే ఉండదు. పదాల మధ్య ఖాళీ కూడా వదలకుండా చెక్కుకుంటూ పోయారు.

స్వరం రాయడం తెలియక కాదు. పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలై కొండరాయి మీద ఏడో శతాబ్దంలోనే స్వరాలు చెక్కారు. అన్నమయ్యకు ఎనిమిది వందల ఏళ్ల ముందు మాట అది. తిరుమలలోనే స్వరాలతో సహా చెక్కిన రాతిపలకలు దొరికాయి, వాటి గుట్టు విప్పడానికి పండితులు తంటాలు పడ్డారు. మరి రెండు వేల రేకుల మీద ఎందుకు చెక్కలేదు? నా ఊహ ఇది. అక్కడ రోజూ పాడేవాళ్లు ఉన్నారు. తాళ్లపాకవారి ఇంట్లో తండ్రి పాడితే కొడుకు విన్నాడు, కొడుకు పాడితే మనవడు విన్నాడు. బాణీ గొంతులో ఉండగా లోహానికి ఎక్కించాలని ఎవరికీ తోచలేదు. పాడే వరస తెగిపోతుందని వాళ్లు అనుకోలేదు. తెగిపోయింది.

రాగం పేరుంది కదా, ఆ రాగంలో పాడుకుంటే సరిపోదా అంటారు. అక్కడ ఇంకో చిక్కు. ‘నానాటి బతుకు నాటకము’ ఇవాళ అందరూ రేవతి రాగంలో వింటున్నారు. ఆ బాణీ నేదునూరి కృష్ణమూర్తిగారిది. రేకు మీద మాత్రం ముఖారి అని ఉంటుంది. పోనీ ముఖారిలోనే పాడదామంటే ఏ ముఖారి? 1550లో రామామాత్యుడు రాసిన స్వరమేళకళానిధిలో ముఖారి అంటే శుద్ధస్వరాల మేళం. ఇప్పుడు కచేరీల్లో వినే ముఖారి అది కాదు. వేంకటమఖి డెబ్బైరెండు మేళకర్తలు కట్టింది పదిహేడో శతాబ్దంలో, అన్నమయ్య పోయిన వందేళ్లకు పైగా గడిచాక. పేరు అదే మిగిలింది, పేరు మోసే రాగం మారిపోయింది. రేవతిలో పాడారని నేదునూరిగారిని తప్పుపట్టేవాళ్లు ఈ సంగతి ఒకసారి చూసుకోవాలి.

ముప్పైరెండు వేల పాటలన్న లెక్క ఎక్కడిదో తెలుసా?

ఇంకో మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రలోది. ఇప్పుడు చేతికి దొరికినవి పన్నెండు వేలకు పైగా. అందులో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలే. భజనల్లో వినేవి చూసి అన్నమయ్య అంటే వైరాగ్యమే అనుకునేవాళ్లు దేవస్థానం వేసిన సంపుటాలు ఒకసారి తిరగేస్తే కంగుతింటారు.

రేకుల్ని అందరికంటే ముందు పట్టించుకోకుండా వదిలేసిందెవరు?

1922 ప్రాంతంలో రేకులు బయటపడ్డాయని, ఆ తర్వాతే లోకానికి తెలిసిందని మనం చదువుకుంటాం. కానీ ఏ.డి. క్యాంబెల్ అనే దొర 1816లో మద్రాసులో అచ్చువేసిన తెలుగు వ్యాకరణం ముందుమాటలోనే వీటి ప్రస్తావన ఉంది. తిరుపతి గుడిలో వేలాది రేకులున్నాయట, వాటిలో తెలుగు భాష పుట్టుపూర్వోత్తరాలు దొరుకుతాయేమో అని ఆయనకు ఆశ పుట్టింది. ఒక బ్రాహ్మణ పండితుణ్ని పంపి చూపించాడు. దేవుడి మీద స్తోత్రాలు తప్ప పనికొచ్చేదేమీ పెద్దగా లేదని జవాబు వచ్చింది. అంతటితో దొర ఊరుకున్నాడు.

ఇందులో తమాషా ఏమిటంటే, తమిళ, తెలుగు, కన్నడ భాషలు సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని ఎల్లిస్ అనే మరో దొర రాసిన వ్యాసం అచ్చయింది ఈ పుస్తకం ముందుమాటతో కలిపే. భాష గురించి అంత పెద్ద మాట చెప్పిన పుస్తకం, పదిహేనో శతాబ్దపు నోటి తెలుగు వేల పాటల్లో పోగుపడి ఉంటే స్తోత్రాలని పక్కకు పెట్టింది. పల్లె మాటలు, సామెతలు, అంగడి బేరాలు, అత్తాకోడళ్ల పోరు, జోలపాటలు, దంపుళ్ల పాటలు అన్నీ ఆ ‘స్తోత్రాల్లోనే’ ఉన్నాయి. వెతికేవాడు ఏం కావాలని పోతాడో అదే కనిపిస్తుంది. ఇంకో వందేళ్లు రేకులు ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాత సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి దేవస్థానం పరిశోధకులు పట్టుకున్నారు. పండిత విజయరాఘవాచార్యులు, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, గౌరిపెద్ది రామసుబ్బశర్మ వంటివాళ్లు ఒకరి తర్వాత ఒకరు రేకులు చదివి, పదాలు విడగొట్టి, అచ్చుకు ఇచ్చారు. పదాల మధ్య ఖాళీ లేని చెక్కుడును చదవడం ఎంత కష్టమో ఊహించండి. ఒక అక్షరం అటు జరిగితే అర్థం తిరగబడుతుంది.

రాళ్లపల్లివారి దారి మిగతావాళ్లకంటే వేరు. ఆయన (1893–1979) మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పంతులు, సంగీతం కూడా క్షుణ్ణంగా తెలిసినవాడు. మైసూరు వదిలి తిరుపతి వచ్చాక రేకుల మాటలు పరిష్కరిస్తూనే నూరు దాటిన పాటలకు బాణీ కట్టి స్వరపరిచారు. అవి అన్నమయ్య బాణీలు కావు, రాళ్లపల్లి బాణీలు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి బాలాజీ పంచరత్నమాల రికార్డులు వచ్చాయి. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు వందల పాటలకు వరస కట్టారు. ఇవాళ తెల్లవారుజామున మన మైకుల్లో వినిపించే అన్నమయ్య వయసు చాలావరకు నలభై, యాభై ఏళ్లకు మించదు. మాట వయసు మాత్రం ఐదు వందలు.

త్యాగయ్య పాటల రాతప్రతులు మదురైలో ఉన్నాయని తెలుసా?

తిరువయ్యారులో కాదు, మద్రాసులో కాదు, మదురైలోని సౌరాష్ట్ర సభలో. దాని వెనక మంచి కథ ఉంది. త్యాగరాజస్వామి (1767–1847) శిష్యుల్లో వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ ఒకరు. పట్టుసాలెల సౌరాష్ట్ర కులం ఆయనది. వాళ్ల ఇంటి మాట గుజరాత్ వైపు నుంచి వచ్చిన భాష, ఉంటున్నది తమిళ దేశం, గురువు పాడింది తెలుగు. గురువు పాటల్ని ఆయన, ఆ తర్వాత కొడుకు కృష్ణస్వామి భాగవతార్ తెలుగు లిపిలో తాటాకుల మీదా కాగితం మీదా రాసి పెట్టుకున్నారు. ఆ కట్టలే తిరిగి తిరిగి మదురై చేరాయి.

రాగిరేకులతో పోల్చి చూస్తే ఇది తలకిందులు. ఇక్కడ గుడి లేదు, రాజు లేడు, రాగి లేదు. శిష్యుడి ఓపిక ఒక్కటే ఉంది. కానీ ఆ శిష్యుడు సంగీతం పాడేవాడు కాబట్టి మాటతో ఆగకుండా స్వరాలు కూడా రాసుకున్నాడు. అందుకే ఫలానా త్యాగరాజ కీర్తన వాలాజాపేట పద్ధతిలో ఎలా ఉంది, మిగతా శిష్య పరంపరలైన ఉమయాళ్‌పురం వాళ్లు ఎలా పాడారు, తిల్లైస్థానం వాళ్లు ఎలా పాడారు అని ఇవాళ విద్వాంసులు వాదించుకోగలుగుతున్నారు. అన్నమయ్య దగ్గర ఆ వాదానికి చోటే లేదు.

ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు స్వరాలతో సహా అచ్చయిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని కూడా తెలుగు లిపిలోనే వచ్చింది. 1904లో, తమిళ జమీను ఎట్టయాపురంలో.

తన ఆర్కైవు తానే కట్టుకున్న పాటగాడు ఎవరు?

చాలామందే ఉండొచ్చు. అందులో ముచ్చటైనవాడు న్యూయార్క్‌లో ఉండేవాడు. జాజ్ బాకా ఊదిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1943లో క్వీన్స్‌లోని కరోనా అనే మామూలు వాడలో ఇల్లు తీసుకుని 1971లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. టేపురికార్డరు వచ్చాక దాన్ని వెంట తిప్పుకుంటూ పాటలు, కబుర్లు, జోకులు, ఇంట్లో మాటలు వందలాది టేపుల్లో నింపాడు. టేపు డబ్బా మీద ఉత్తి పేరు రాసి ఊరుకోలేదు. పేపర్లలోని బొమ్మలు, ఫొటోలు, టెలిగ్రాములు కత్తిరించి అట్టల మీద అతికించాడు. ఆ ఇల్లు 2003 నుంచి మ్యూజియం. డబ్బాలు, టేపులు, ఉత్తరాలు అన్నీ ఆయన పేరు మీది ఆర్కైవులో భద్రంగా ఉన్నాయి. అన్నమయ్యకు కొడుకు చేసిన పని, త్యాగయ్యకు శిష్యుడు చేసిన పని ఈయన తనకు తానే కత్తెర, జిగురు పట్టుకుని చేసుకున్నాడు. పైగా గొంతు కూడా దాచుకున్నాడు.

మన జిల్లాల పాట ఎక్కడ దాగి ఉందో మీకు తెలుసా?

కొంత లండన్‌లో ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం చనిపోయాక గోండుల పరిస్థితి చూసి చెప్పమని నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌కు పని అప్పజెప్పింది. ఆస్ట్రియా మనిషి, మానవశాస్త్రం చదివినవాడు. భార్య బెట్టీతో మార్లవాయిలో మకాం పెట్టాడు. ఆయన తీసిన వేల ఫొటోలు, సినిమా రీళ్లు, రాసుకున్న కాగితాలు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయస్ అనే సంస్థలో ఉన్నాయి. గోండుల పండుగలు, వాళ్ల ఆటపాటలు, కథ చెప్పే ప్రధాన్లు అందులో కనిపిస్తారు.

ప్రధాన్ల సంగతి రాగిరేకుల పక్కన పెట్టి చూడాల్సిందే. ప్రతి ప్రధాన్ కుటుంబానికి కథ వినిపించాల్సిన గోండు ఇళ్లు వంశపారంపర్యంగా ఉంటాయి. పెద్దదేవుడు పెర్సపేన్ పూజ వచ్చిందంటే ప్రధాన్ వచ్చి కిక్రి పట్టుకుంటాడు. మూడు తంతుల వాద్యం అది, కమానుతో వాయిస్తారు. ఆ ఇంటి గోత్రం ఎట్లా పుట్టింది, దేవుడు ఎవరికి ఎక్కడ కనిపించాడు, ఎవరితో పెళ్లి పొత్తు ఉంది, ఎవరితో లేదు, అంతా పాటలోనే చెప్తాడు. ఇంకా విశేషం ఏమిటంటే, ఆదిలాబాద్ ప్రధాన్ల ఇంటి భాష మరాఠీ. కథ పాడేది గోండీలో. సొంత భాష కాని భాషలో ఇంకొకరి చరిత్రను తరతరాలుగా గొంతులో మోస్తున్నారు. మదురై సౌరాష్ట్రులు గురువు తెలుగును కాగితం మీద పెట్టుకున్నారు, వీళ్లకు కాగితం కూడా లేదు. ఇక్కడ బాణీ ఉంది, రేకు లేదు.

గోదావరి పక్కన కోయల దగ్గర మధ్యేమార్గం ఒకటి ఉంది. డోలీలు అనే కథకులు పడిగె అనే బట్ట పరిచి, దాని మీది బొమ్మల వరస చూస్తూ ఇంటిపేర్ల కథ, వేల్పుల కథ పాడతారు. చదవను రాయను రాకపోయినా వరస తప్పకుండా ఉండడానికి ఆ బొమ్మలు చాలు. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్యగారు అట్లా సమ్మక్క సారలమ్మల కథ పాడిన డోలీ. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో కన్నుమూశారు. మార్లవాయి గుస్సాడీ నాట్యకారుడు కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ, ఆయనా 2024 అక్టోబర్‌లో పోయారు. బిరుదు ఇచ్చిన ఢిల్లీకి పటం కట్టడం తెలుసు. ఆయన అడుగు పక్కన మోగిన డప్పు వరస ఎవరి దగ్గర ఉంది?

ఫోను రికార్డింగు ఎప్పుడు ఆర్కైవు అవుతుందో తెలుసా?

పక్కన చీటీ ఉన్నప్పుడు. మన దగ్గర ప్రతి చేతిలో ఫోను ఉంది, దండారీ పండుగ వచ్చినప్పుడు ప్రతి ఊర్లో వీడియో తీస్తున్నారు. ఆ వీడియోలో పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ ఇంటి కోసం పాడారు, ఏ పండుగ, ఏ తేదీ అన్నది ఎక్కడా ఉండదు. పదేళ్లయితే అది ఎవరో పాడిన ఏదో పాట. పెదతిరుమలాచార్యులు మొదటి రేకు మీద పెట్టించింది ఈ చీటీనే. రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. గోత్రం కథలన్నీ బయటివాళ్ల ముందు విప్పేవి కావు కాబట్టి, తీసే ముందు అడగడం కూడా ఈ పనిలో భాగమే. వద్దంటే వద్దు.

కిక్రి దగ్గరగా వినాలనుకునేవాళ్లు పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు పోవచ్చు. మన వైపు నుంచి ఆసిఫాబాద్, కెరమెరి ఘాటు, జైనూర్, ఉట్నూర్ మీదుగా ఇంద్రవెల్లి దారి. జాతరలో రంగులరాట్నాలు, స్టాళ్లు, నాయకుల మైకులు గట్టిగానే ఉంటాయి. వాటిని దాటి, జాతర జరిపే మెస్రం వంశంవాళ్లు బస చేసే మర్రిచెట్ల వైపు నడవండి. ప్రధాన్లు కనిపించేది అక్కడ.